చీటీ ముందే రాసేశారు!

సంపాదకుడికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ శిబిరం వార్త చూశాను. రిబ్బన్ కత్తిరించే ఫొటో నాలుగు కాలమ్‌లు. చివర్లో ‘ఎవరికీ క్యాన్సర్ లేదని తేలింది’ అని ఒక్క ముక్క. ఎలా తేలిందో మీ విలేకరి అడిగారా? మా వదినను తీసుకుని నేనూ అక్కడికి వెళ్లాను. మీ ఫొటోలో ఎడమ పక్కన సగం తెగిన పచ్చ కొంగు ఆమెదే.

అక్కడ చేసింది వయా పరీక్ష. పలుచటి ఎసిటిక్ యాసిడ్‌ (నూడుల్స్ బండి మీద వెనిగర్‌లో ఉండేదే) దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చలు లేస్తాయేమో కంటితో చూడాలి. మంచి వెలుతురు, శిక్షణ ఉన్న చూపు, ఆ నిమిషం ఓపిక లేకపోతే ఆ పరీక్షకు అర్థమే లేదు. మావాళ్ల వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. ఆయమ్మ సెల్‌ఫోన్ టార్చి పట్టుకుంది. నిమిషం మాట దేవుడెరుగు, వదిన బల్ల ఎక్కకముందే చీటీ మీద ‘నార్మల్’ అని రాసి ఉంది! నర్సమ్మను ఏమీ అనను. బయట లైను, లోపల తనొక్కతే, సాయంత్రానికి పైకి అంకె పంపాలి.

వదినకు అరవై దాటాయి. ముట్లుడిగాక, ఈ క్యాన్సర్ మార్పులు మొదలయ్యే చోటు చాలామందిలో లోపలికి జరిగిపోతుంది, వయాలో కనబడదు. కనబడని దాన్ని చూసి బాగుందని రాసిచ్చారన్నమాట. ఆ చీటీని వదిన దేవుడి పటం వెనక దాచుకుంది. అప్పుడప్పుడు రక్తం మరక కనబడుతోందని రెండు రోజుల తర్వాత మాటల్లో అంది. శిబిరంలో ఎవరూ అడగలేదట, తనూ చెప్పలేదు.

ఈ జబ్బు దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. ఆ వైరస్‌ డీఎన్ఏను పట్టే పరీక్షే ముందు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. నమూనా ఆడవాళ్లే స్వయంగా తీసి ఇవ్వొచ్చు, సిగ్గుపడే పనీ లేదు. మన పక్కన మహారాష్ట్రలోనే, అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో, లక్షా ముప్పై వేలమందిపై చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. వయా చేసిన ఊళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఖర్చెక్కువ అంటారు. హనుమకొండలో ఏడాది తిరక్కుండా డివైడర్లకు మళ్లీ రంగులు వేయడానికి, నాయకుల ఫ్లెక్సీలకు ఎవరూ లెక్క అడగరు. మేడారంలో లక్షల మందికి తాగునీళ్లు, బస్సులు చూసే యంత్రాంగానికి ఒక పరీక్ష గదిలో ఇన్వర్టర్ పెట్టడం రాదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ కోసం ఏదో ఒక పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. పని మానుకుని వచ్చిన ఆ కొద్దిమందికైనా చీటీ రాసే ముందు చూడండయ్యా.

సోమవారం వదినను పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. రిపోర్టు వచ్చాక మళ్లీ రాస్తాను. దానికి ఫొటో అక్కర్లేదు.

– ఒక రిటైర్డ్ టీచరు, హనుమకొండ