వయసూ రంగూ చూసి వరుస వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ రుచుల మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాం. ఆరు సీసాలు పక్కపక్కన పెట్టి, పదికి ఇన్ని అని మార్కులు వేశారు. వయసు ఎక్కువున్నవీ, రంగు ముదిరినవీ పైకి వెళ్ళాయి. నీళ్ళు కలపడం మహాపాపమన్నారు, మరుసటి పేరాలోనే ఐసు ముక్క వేసుకోమన్నారు. ఐసు కరిగితే ఏమవుతుందనుకున్నారో!

బరంపురంలో, చుట్టుపక్కల గంజాం జిల్లాలో ఈ సరుకును శ్రద్ధగా పోల్చి చూసే తెలుగువాళ్ళం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మా అభ్యంతరం ప్రధానంగా ఒక్కటే. ఆ ఆరు గ్లాసులూ ఒకే బలంలో, అంటే ఒకే ఆల్కహాల్ శాతంలో, లేవు. మొదటిది 40 శాతం, ఆఖరుది పీపా బలం, అంటే పీపాలోంచి తీశాక నీళ్ళు కలపనిది, 60కి అటూ ఇటూ. ఒకే బలానికి తేకుండా వేసిన వరుస విస్కీకి వేసినది కాదు, ఆల్కహాల్‌కు వేసినది.

60 శాతం ద్రవం నాలుక మీద పడగానే మంట తప్ప ఇంకేమీ తెలియదు. ముక్కు కూడా మొద్దుబారుతుంది. ఆ మంటనే చాలామంది 'దమ్ము' అనుకుని ఎక్కువ మార్కులు వేస్తారు. లేదా జడిసి తక్కువ వేస్తారు. రెండూ తప్పే. సమానం చేయడానికి లెక్క కష్టమేమీ కాదు. సీసా మీద రాసిన బలాన్ని మనకు కావలసిన బలంతో భాగించి, గ్లాసులో పోసిన కొలతతో గుణించాలి. వచ్చినదాంట్లోంచి పోసినది తీసేస్తే, మిగిలినది కలపాల్సిన నీళ్ళు. అన్నిటినీ 40కి తేవాలంటే, 20 మి.లీ. పోసినప్పుడు 43 శాతం దానికి 1.5 మి.లీ., 46కి 3, 50కి 5, 60కి 10 మి.లీ. నీళ్ళు పడతాయి. కంటితో చూసి పోయకండి. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి ఒకటి కొనుక్కుంటే చాలు. నీళ్ళు పోశాక మూతపెట్టి పది నిమిషాలు ఆగాలి. కలిపిన వెంటనే వాసన చెదిరి ఉంటుంది, కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

సీసా మీద పేరు ఒకటే కదా అని బలం చూడకుండా వదిలేయకండి. లాఫ్రోయిగ్ అనే స్కాచ్‌లో పదేళ్ళది యూరప్‌లో 40 శాతానికి, అమెరికాలో 43కి సీసాకెత్తుతారు. ఒకరు లండన్ నుంచి, మరొకరు న్యూజెర్సీ నుంచి తెచ్చినవాటిని పక్కన పెట్టుకుని 'ఈసారి సరుకు మారిపోయింది' అని వాదించుకోవడం పరిపాటి. మారినది 3 శాతం.

నీళ్ళు కలిపితే వాసన చచ్చిపోతుందన్న మాటకు ఆధారం లేదు. గ్వాయకాల్ అనే పదార్థం పొగ వాసనకు ముఖ్య కారణాల్లో ఒకటి. 2017లో స్వీడన్‌లోని లిన్నెయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ మీద దాని నడక గమనించారు. బలం 45 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు అది ద్రవం పై పొరకు చేరుతుంది, అంటే ముక్కుకు దగ్గరవుతుంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది. స్కాట్లండ్‌లో రకరకాల పీపాల విస్కీలు కలిపే బ్లెండర్లు వృత్తిగా వాసన చూసేటప్పుడు 20 శాతం దాకా పలుచన చేస్తారు, అంటే 40 దానికి సరిసమానంగా నీళ్ళు. తాగడానికి అది చప్పగా ఉంటుంది. లోపాలు పట్టుకోవడానికి మాత్రం అంతకు మించిన దారి లేదు. తడి అట్టపెట్టె, ఉడికిన కోడిగుడ్డు, ఆర్పిన అగ్గిపుల్ల వంటి వాసనలు ఆ బలంలో దాక్కోలేవు.

నీళ్ళు పోస్తే కొన్ని మసకబారతాయి. అది కల్తీ కాదు. బరువైన కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు పలుచబడ్డ ద్రవంలో కరిగి ఉండలేక తేలతాయి. ఈ మసక కొనేవాళ్ళకు నచ్చదనే చాలా కంపెనీలు విస్కీని బాగా చల్లబరిచి వడపోస్తాయి. అలా వడపోయనివాటిని సాధారణంగా 46 శాతం, ఆ పైన అమ్ముతారు. ఆర్డ్‌బెగ్ పదేళ్ళది అలాంటిదే. మసకబారినందుకు మీ వ్యాసకర్త ఒకదానికి రెండు మార్కులు కోశారు. నిజానికి అది నోటిలో నిండుదనానికి గుర్తు.

ఏ నీళ్ళు అన్నది మా తీరంలో పెద్ద సమస్య. గోపాల్‌పూర్ వైపు బోరు నీళ్ళల్లో ఉప్పదనం నాలుకకు తెలుస్తూనే ఉంటుంది. ఆ నీళ్ళు పోసి 'సముద్రపు ఛాయ' కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు! కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే, లాఫ్రోయిగ్ లాంటి మందుల వాసన సరుకులో ఏది విస్కీది, ఏది కుళాయిది తేల్చలేం. ఆర్వో నీళ్ళో సీసా నీళ్ళో వాడండి. పోలిక పూర్తయ్యేదాకా అవే వాడండి.

ఇక వేడి. ఈ అలవాటు పుట్టిన దేశంలో గది వేడి అంటే 18, 20 డిగ్రీలు. మే నెలలో మాకు పొద్దుగూకాక కూడా 32 ఉంటుంది. ఆ వేడిలో గ్లాసు దగ్గరికి ముక్కు తేగానే ఆల్కహాల్ ఆవిరి గుప్పున కొడుతుంది, మిగతావి దాని వెనక పడిపోతాయి. ఛత్రపురం వైపు రాగి డేగుల్లో (పెద్ద కుండల్లో) మొగలిపూలు ఉడికించి, ఆవిరిని భాప్కాల్లో (దాన్ని పట్టే పాత్రల్లో) పట్టే అత్తరు పనివాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు: మంట ఎక్కువైతే సున్నితమైనది పాడవుతుంది. ఐసు దీనికి విరుగుడు కాదు. అది వాసనను కట్టేస్తుంది, పైగా కరుగుతూ బలాన్ని నిమిషానికోరకంగా మారుస్తుంది. మూసిన సీసాను చల్లని నీళ్ళ గిన్నెలో పావుగంట నిలబెట్టి, థర్మామీటర్ 20, 22 చూపించాక పోయండి. ఏసీ గది ఉంటే సీసాలూ గ్లాసులూ రెండు గంటల ముందే అందులో పెట్టండి.

రంగు సంగతికొద్దాం. స్కాచ్ చట్టం నీళ్ళతోపాటు మాడ్చిన చక్కెర రంగును, అంటే ఇ150ఎని, కలపనిస్తుంది. సింగిల్ మాల్ట్‌కు కూడా మినహాయింపు లేదు. జర్మనీలో అమ్మే సీసాల మీద ఆ సంగతి రాయక తప్పదు. అందుకే ఇక్కడ 'సహజమైన బంగారు రంగు' అని మురిసిపోయే కొన్ని పేరున్న సరుకుల గుట్టు అక్కడి లేబుల్ మీద బయటపడుతుంది. రంగు కలపకపోయినా, ముదురు రంగు చెప్పేది పీపా గురించే. షెర్రీ వైను పట్టిన యూరప్ ఓక్ పీపా ఎర్రగా దిగుతుంది. రెండుమూడుసార్లు వాడిన బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాలో ఇరవై ఏళ్ళున్నా గడ్డి రంగు దాటకపోవచ్చు. కన్ను ముక్కును ఎంత మోసం చేస్తుందో ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన ఒక పరీక్ష చూపించింది, ఫలితం 2001లో అచ్చయింది. తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులు దాన్ని ఎర్ర వైనుకు వాడే మాటలతో వర్ణించారు. కాబట్టి గ్లాసుకు నల్ల కాగితం చుట్టేయండి, పని అయిపోతుంది.

వయసూ అంతే. సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిసిన పీపాలన్నిటిలో అతి చిన్నదాని వయసు అది. స్కాట్లండ్ చలిలో పీపా ఏటా సుమారు 2 శాతం ఆవిరై పోగొట్టుకుంటుంది. బెంగళూరులో ఆ నష్టం 10 శాతానికి పైనే. అక్కడి అయిదేళ్ళ సరుకు చెక్కను ఎంత పీలుస్తుందో వేరే చెప్పాలా? ముదిరిన కొద్దీ మంచిదన్నదీ నిజం కాదు. ఒక దశ దాటితే చెక్కలోని వగరు పైకొచ్చి, వక్కలు నమిలినట్టు నోరు బిగుసుకుంటుంది.

వ్యాసంలో 'సింగిల్' అంటే ఒకే పీపా అని రాశారు, దిద్దండి. ఒకే డిస్టిలరీ అని దాని అర్థం. మొలకెత్తించిన బార్లీ, నీళ్ళు, ఈస్టు తప్ప వేరేవి లేకుండా, పాట్ స్టిల్లులో, అంటే రాగి బట్టీలో, విడతలుగా కాచి, 700 లీటర్లు దాటని ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు స్కాట్లండ్‌లోనే పండాలి. 2012 నవంబరు నుంచి సీసాకెత్తడం కూడా అక్కడే జరగాలి. సింగిల్ మాల్ట్ స్కాచ్ అని రాసి, మన దేశంలో సీసాకెత్తినట్టు లేబుల్ మీద ఉంటే దాన్ని ముట్టుకోకండి.

పొగ దగ్గర వ్యాసం మరీ తొందరపడింది. స్కాట్లండ్‌లోని ఐలా దీవి సరుకంతా పొగే అని తేల్చేశారు. బునహావెన్, బ్రుక్‌లాడీ ఆ దీవిలోవే, వాటి ముఖ్యమైన రకాల్లో పీట్ (బార్లీ ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) పొగ ఉండదు. పొగ పదార్థాలు పది లక్షల్లో ఎన్ని పాళ్ళో చెప్పే పీపీఎం అంకె ఎంత పెద్దదైతే పొగ అంత దట్టం అన్నదీ సగం నిజమే. ఆర్డ్‌బెగ్‌కు 55, లాగావులిన్‌కు 35 అని చెప్పేవి మాల్ట్‌లో, అంటే మొలకెత్తించిన బార్లీలో, కొలిచిన అంకెలు, సీసాలో కొలిచినవి కావు. కాచేటప్పుడు కొంత పోతుంది, పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకొంత తగ్గుతుంది. లాగావులిన్‌కూ కౌల్ ఈలాకూ మాల్ట్ వచ్చేది ఒకే చోటి నుంచి, పోర్ట్ ఎలెన్ నుంచి. పీపీఎం ఇంచుమించు ఒకటే. అయినా ఒకటి చిక్కగా, బరువుగా ఉంటుంది, రెండోది తేలిగ్గా, నిమ్మతొక్కలా. తేడా చాలావరకు స్టిల్లు ఆకారంలోనూ, కాచి దించినదాంట్లో పీపాకు పంపే మధ్యభాగాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ కోశారన్న దానిలోనూ ఉంది. పొగ బరువు ఎక్కువగా కాచడం చివరన దిగుతుంది, ఆలస్యంగా కోసినవాడికి అది ఎక్కువ దక్కుతుంది. స్టిల్లు మెడ పొడుగైతే బరువైన ఆవిరి పైదాకా పోలేక వెనక్కి జారుతుంది. గ్లెన్‌మొరాంజీ మెడ 5.14 మీటర్లు, అందుకే అది పూలలా తేలిక. ఈ రెండింటినీ (లాగావులిన్, కౌల్ ఈలా) ఒకే బలానికి తెచ్చి పక్కపక్కన పెట్టడమంత మంచి పాఠం కొత్తవాళ్ళకు ఇంకోటి లేదు. మీరు వాటి మధ్యలో ఒక షెర్రీ సరుకు ఇరికించారు!

వాసనలకు మాటలు కూడా అరువు తెచ్చుకోనక్కర్లేదు. స్కాట్లండ్ కొండల మీది హెదర్ పువ్వును మన పాఠకుల్లో ఎంతమంది వాసన చూసి ఉంటారు? షెర్రీ పీపాలోది ఎండు ఇప్పపువ్వు, ఖర్జూరం, పాత చింతపండు. లవంగం వాసన కూడా నిజంగా ఉంటుంది, లవంగంలో ఉండే యూజినాలే ఓక్ చెక్కలోనూ ఉంది. అమెరికా ఓక్ నుంచి ఎండుకొబ్బరి, వెనీలా. పులియబెట్టడం ఎక్కువ గంటలు సాగితే అరటిపండు, అనాస. క్లైన్‌లిష్‌లో తేనెమైనం. పీట్‌లో అయితే టించరు, తారు, కాలిన కొబ్బరిపీచు, పొగ పట్టించిన చేప. 'ఎండునెత్తళ్ళ బుట్ట' అని రాసుకున్నవాడు నెల తర్వాత కూడా ఆ విస్కీని గుర్తుపడతాడు. 'సముద్ర స్పర్శ' అని రాసుకున్నవాడు పట్టలేడు.

ఒక విడతలో నాలుగుకు మించి వద్దు. ఒక్కోటి 15 మి.లీ. చాలు. నాలుగూ మింగితే అది అచ్చంగా ఒక పెద్ద పెగ్గు అవుతుంది, ఉమ్మడానికి గిన్నె పెట్టుకోండి, బండి తాళాలు ఇంకెవరికైనా ఇచ్చేయండి. పొగ లేనివి ముందు, పొగవి చివర. ఒకసారి అయ్యాక వరుస తిప్పి మళ్ళీ చూడాలి, మొదటి గ్లాసుకు ఎప్పుడూ కాస్త లాభం ఉంటుంది. మధ్యలో ఉప్పులేని మరమరాలు, మామూలు నీళ్ళు. మా ఊరి అప్పడాలు, ఆవకాయ ఎంత గొప్పవైనా పోలిక అయ్యేదాకా వంటింట్లోనే ఉండాలి. దోమల చుట్ట, అగరుబత్తి, చేతులకు సబ్బు వాసన ఈ మూడూ ఉన్న గదిలో ఎవరు ఏం రాసినా నమ్మకండి. గ్లాసు మూతి లోపలికి వంగి ఉండాలి. ఆ గ్లెన్‌కెయిర్న్ గ్లాసు లేకపోతే చిన్న వైను గ్లాసు సరిపోతుంది. స్టీలు గ్లాసు పనికిరాదు.

మీకు నిజంగా తేడా తెలుస్తోందా అన్నది తేల్చుకోవాలంటే మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకోండి. వేరొకరు రెండింటిలో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది పోసి, అడుగున అంకెలు రాయాలి. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. కాబట్టి ఒక్కసారి గెలిస్తే లెక్కలోకి రాదు. ఆరుసార్లు పెట్టి అయిదైనా సరిగ్గా చెప్పాలి. గుడ్డి అదృష్టంతో అలా కుదిరే అవకాశం నూటికి రెండు కూడా లేదు. పన్నెండేళ్ళదీ, పద్దెనిమిదేళ్ళదీ అని ధీమాగా మాట్లాడే చాలామంది ఇక్కడ మూడో రౌండుకే ఫోను చూసుకోవడం మొదలెడతారు.

సీసా నిలువ గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు, మా ఎండలకు అది అవసరం. వైనులా పడుకోబెట్టకూడదు. 40 శాతం ఆల్కహాల్ బిరడాను తినేసి, చెక్కముక్కల వాసన దింపుతుంది. రేకుల కప్పు కింద ఇనప బీరువా అన్నిటికన్నా చెడ్డ చోటు. పగలు ఉబ్బి రాత్రి ముడుచుకుంటూ బిరడా వదులై, బలం తగ్గిపోతుంది. సీసాలో మూడోవంతు మిగిలినప్పుడు చిన్న సీసాలోకి మార్చండి, లేకపోతే పైనున్న గాలికి ముందు పళ్ళ వాసన, తర్వాత పొగ పలుచబడతాయి. సగం ఖాళీ అయి ఏడాది గడిచినదాన్ని నిన్న తెరిచినదానితో పోల్చి మార్కులేయడం కూడా బలం సంగతి లాంటి పొరపాటే. బిరడా విరిగితే కంగారుపడకండి, పలుచని మల్లుగుడ్డలో వడకట్టి, దాచుకున్న పాత బిరడా బిగించండి.

ఆ ఆరింటి పట్టిక మళ్ళీ వేసే ఉద్దేశం ఉంటే, ప్రతి పేరు పక్కన సీసా మీద ఉన్న బలం, పోలిక ఏ బలంలో చేశారు, సీసా తెరిచి ఎన్నాళ్ళయింది అన్న మూడు గడులు చేర్చండి. వచ్చే ఆదివారం మన దేశపు మాల్టులను స్కాచ్ పక్కన పెడతామని ప్రకటించారు. అమృత్, పాల్ జాన్ రకాలు చాలావరకు 46 శాతానివి. 40 శాతం స్కాచ్ పక్కన పెట్టేటప్పుడు 20 మి.లీ.కి ఆ 3 మి.లీ. నీళ్ళు మరిచిపోవద్దని వ్యాసకర్తకు చెప్పగలరు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా