తీర్మానం ముందు, మీటింగు తర్వాత

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా వెళ్లొచ్చినవాళ్లు అక్కడి సర్కారు బడుల గురించి రాస్తే పసుపు బస్సు, పిల్లాడికో ల్యాప్‌టాప్, పేద్ద గ్రౌండు, అంతే ఉంటుంది. నేనూ మొన్న ఐదు నెలలు వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. ముప్పై నాలుగేళ్లు మండల పరిషత్ బడుల్లో సుద్దముక్క పట్టినదాన్ని కదా, నా కళ్లు వేరేచోట ఆగాయి.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. ఆ ఒక్క కౌంటీ బడుల్లోనే ఎనభై వేలకు పైగా పిల్లలున్నారు. ఐదేళ్లు నిండిన పిల్లను కిండర్‌గార్టెన్‌లో చేర్చామంటే పన్నెండో తరగతి దాకా ఫీజు మాటే లేదు. ఏ బడికి వెళ్లాలో మాత్రం మన ఇంటి అడ్రసు తేలుస్తుంది. అందుకే మనవాళ్లు అక్కడ ఇల్లు కొనేటప్పుడు ముందు బడి రేటింగు చూస్తారు, వాస్తు ఆ తర్వాతే. హద్దుకు ఇవతల ఉన్న ఇల్లు ఒక ధర, అవతలది ఇంకో ధర.

ఆ బడులను నడిపేది స్కూల్ బోర్డు. తొమ్మిది మంది, అందరూ ఓట్లతో గెలిచినవాళ్లే. అయితే పన్ను వేసే అధికారం వాళ్లకు లేదు. డబ్బు కోసం ఏటా కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల బోర్డు ముందుకు వెళ్లాల్సిందే. ఆ కౌంటీలోని యాష్‌బర్న్ చుట్టూ వరసగా ఉన్న డేటా సెంటర్ల పన్నులే అక్కడి ఖజానాకు పెద్ద అండ. ఆ వైభోగం మనకెక్కడొస్తుంది, దాన్ని వదిలేద్దాం.

నేనున్న రోజుల్లోనే మా అమ్మాయి వాళ్ల వీధిని ఇంకో ఎలిమెంటరీ స్కూలు కిందికి మార్చే ప్రతిపాదన వచ్చింది. మ్యాపు ముందే అందరికీ అందుబాటులో పెట్టారు. మా అల్లుడికి ఒకటే టెన్షన్. మనవరాలి స్నేహితులు దూరమైపోతారని పైకి చెప్పాడు గానీ, ఇంటి ధర బెంగ కూడా ఉందని నాకు తెలుసు. బోర్డు మీటింగుకు వెళ్తుంటే నేనూ బయల్దేరాను.

మాట్లాడదలచిన వాళ్లు ముందే పేరు ఇచ్చుకోవాలి. పిలిచినప్పుడు మైకు దగ్గరికి వెళ్లాలి, ఎదురుగా గడియారం అంకెలు తగ్గుతూ ఉంటాయి. ఆసుపత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చిన ఒకావిడ భుజాన నిద్రపోతున్న పిల్లాడితో లేచింది. తనకు పొద్దున్నే డ్యూటీ అని, బడి మారిస్తే పెద్దవాణ్ణి బస్సెక్కించి వేళకు వెళ్లలేనని చెప్పింది. మధ్యలో ఇంగ్లిషు తడబడింది. ఆగి, చేతిలో కాగితం చూసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. టైమైపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ 'మీకేం తెలుసమ్మా' అనలేదు. బోర్డులో ఒకాయన ఏదో రాసుకోవడం చూశాను. ఆ రాత్రి మన తెలుగువాళ్లే నలుగురు మాట్లాడారు. వాళ్లలో ఎవరైనా మన దగ్గర ఉండగా ఊరి బడి కమిటీకి ఒక్కసారైనా వెళ్లారా అని నాకు అనుమానం.

చివరికి మా వాళ్ల వీధి మారనే మారింది. మాట్లాడితే పని జరుగుతుందని నేను చెప్పడం లేదు. అల్లుడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. అయినా ఎందుకు మార్చారో అతనికి తెలుసు, చెయ్యెత్తినవాళ్లెవరో తెలుసు, వచ్చే ఎన్నికల్లో ఎవరికి ఓటు వెయ్యకూడదో కూడా తెలుసు.

అక్కడా ఇది ఊరికే రాలేదు. అదే కౌంటీలోని లీస్‌బర్గ్‌లో డగ్లస్ స్కూలని ఒకటుంది. నల్లజాతి పిల్లలకు సరైన హైస్కూలు లేకపోతే తల్లిదండ్రులే చందాలు పోగుచేసి, 4,000 డాలర్లు పెట్టి స్థలం కొని, ఒక్క డాలరుకు కౌంటీకి ఇచ్చేశారు. 1941లో బడి మొదలైంది. నల్లవాళ్లకు వేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే చెప్పినా, లౌడన్‌లో ఆ విభజన పూర్తిగా పోయేసరికి 1968 అయింది. అది విన్నప్పుడు నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. దాని స్థలం కూడా ఊళ్లో ఒక రైతు రాసిచ్చిందే.

ఆ బడికి నేనే హెచ్చెమ్‌ని. 2022లో జీవో 117 వచ్చి కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించమంది. మా హైస్కూలు హైవేకి అవతల. నాకు ఒకటి, రెండు తరగతుల్లో పదకొండు మంది మిగిలారు. పేరెంట్స్ కమిటీ ఒప్పుకున్నట్టు ఒక తీర్మానం పెట్టుకుంటే మంచిదని ఫోనొచ్చింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మాకు ఉన్నారు, కాగితం మీద. తీర్మానం నేనే రాశాను. 'సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని. పుస్తకం, ఇంకు ప్యాడు సంచిలో వేసుకుని మిరప చేలకే వెళ్లాను. ఒకామె కోస్తున్న కాయలు ఒళ్లో పోసుకుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వేలు ముందుకు చాపింది. 'దేనికి టీచరమ్మా ఇది?' అంది. 'ఏం లేదులేమ్మా, మామూలే, వెయ్యి' అన్నాను.

జూలైలో ఆమె కూలి మానుకుని పొద్దున, సాయంత్రం హైవే దగ్గర నిలబడేది, మూడో తరగతి పిల్లను దాటించడానికి. నన్ను చూస్తే ఎప్పటిలాగే నమస్కారం పెట్టేది.

2025లో ఆ జీవో తీసేశారు. ఇప్పుడు మోడల్ ప్రైమరీ స్కూళ్లంటున్నారు, మళ్లీ పిల్లలు అటూ ఇటూ మారుతున్నారు. ఒక్కో తరగతికి ఒక్కో టీచరు ఉండాలన్నది మంచి మాటే. ఒక్క చేత్తో ఐదు తరగతులు చెప్పినదాన్ని, నేను కాదనను. నేను అడిగేది ఒక్కటే. మార్పు మ్యాపు నెల ముందు పంచాయతీ గోడకు అంటించండి. కూలికి వెళ్లేవాళ్లకు వీలుగా సాయంత్రం పూట మీటింగు పెట్టండి. వేలిముద్ర వేసే ముందు తీర్మానం పైకి చదివి వినిపించండి. దీనికి డేటా సెంటర్ల డబ్బు అక్కర్లేదు.

మీ విలేకరులకూ ఒక మనవి. ఫలానా బడి కమిటీ ఒప్పుకుందని అధికారులు చెబితే ఆ తీర్మానాల పుస్తకం ఒకసారి తెరిపించి చూడండి. నేను రాసిన తీర్మానం తేదీ ఆదివారం. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు,
బాపట్ల జిల్లా