టైరు జాడ

చిన్నోడికి,

ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. మొన్న ఫోన్‌లో "1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం పుట్టినప్పటి సంగతి నీకెలా తెలుస్తుందక్కా?" అన్నావు. సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ దేశం వచ్చినప్పటి నుంచి నేను చేస్తున్న పనంతా ఆ ప్రశ్నే కదా, అందుకే రాస్తున్నా.

నీకు సైకిల్ నేర్పిన రోజు గుర్తుందా? తడి మట్టిలో చక్రం చిన్న గుంటలో పడింది. నువ్వు పడలేదు గానీ హ్యాండిల్ నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊగి సర్దుకుంది. వెనక్కి తిరిగి చూస్తే టైరు జాడ తిన్నగా వచ్చి, మెలికలు తిరిగి, మళ్లీ తిన్నగా పోయింది. మనల్ని చూడనివాళ్లు కూడా ఆ జాడ చూసి గుంట ఎక్కడ తగిలిందో చెప్పేస్తారు.

విశ్వం పుట్టిన తొలి క్షణంలో, సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో, అంతరిక్షం విపరీతంగా ఉబ్బిందని మా సిద్ధాంతం. దాన్నే ఇన్‌ఫ్లేషన్ అంటాం. ఉబ్బించింది ఒక క్షేత్రం, అంటే అంతరిక్షమంతా నిండి ఉండే శక్తి లాంటిది. అది వాలులో మెల్లగా దొర్లే చక్రం లాంటిది. అందులోని క్వాంటం వణుకులు, అంటే అతి చిన్న స్థాయిలో ఎప్పుడూ ఉండే అలలు, అంతరిక్షంతో పాటే సాగి, కాంతి అందుకోగల దూరమనే ఒక హద్దు దాటగానే అలాగే నిలిచిపోతాయి. పొడవాటి అలలు ముందు దాటతాయి, పొట్టివి తర్వాత. కాబట్టి అల పొడవే గడియారం! ఆ అలలే తర్వాత పదార్థం సాంద్రతలో హెచ్చుతగ్గులై గెలాక్సీలకు విత్తనాలయ్యాయి.

వాలు నున్నగా ఉంటే అలలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. దారిలో చిన్న మెట్టు తగిలిందనుకో, క్షేత్రం కాసేపు వేగం పుంజుకుని మళ్లీ నెమ్మదిస్తుంది. అప్పుడు హద్దు దగ్గరున్న అలల్లో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఏ పొడవు అల ఎంత ఎత్తుందో గీసిన గ్రాఫ్‌లో అవే మెలికలు. మెలికల మధ్య ఎడం ఆ మెట్టు ఎప్పుడు తగిలిందో చెబుతుంది. అవి ఎంత దూరం సాగాయో చూస్తే మెట్టు ఎంత పదునైనదో తెలుస్తుంది. దీన్ని మొదటిసారి నా చేత్తో లెక్కకట్టిన రోజు నిద్రపట్టలేదు.

విశ్వానికి 3,80,000 ఏళ్లప్పుడు బయలుదేరిన కాంతిలో ఈ జాడ వెతుకుతాం. 2009లో పంపిన ప్లాంక్ ఉపగ్రహం దాన్ని కొలిచింది. ఆ కాంతి ఉష్ణోగ్రతలో చోటుచోటుకీ ఉండే, లక్షలో ఒక వంతు తేడాలవి. ఆకాశంలో పెద్ద కోణాల దగ్గర, అంటే పొడవాటి అలల దగ్గర, గ్రాఫ్‌లో చిన్న పల్లం ఉంది. అది మెట్టు జాడేనని తేల్చడానికి తగినంత ఆధారం లేదు. మనకున్నది ఒక్కటే ఆకాశం, అంత పొడవాటి అలలు అందులో కొన్నే పడతాయి. యాదృచ్ఛికంగానూ అలా రావచ్చు. అయినా నాకు దానిమీద ఆశ చావలేదు.

మెట్టు నిజమైతే ఆ కాంతి పోలరైజేషన్‌లోనూ, అంటే కాంతి తరంగాలు ఊగే దిశలోనూ, జోడు మెలిక పడాలి. అది ఎలా ఉండాలో ఈ వారమంతా లెక్కవేస్తున్నా. ఆదివారం వీడియో కాల్‌లో గ్రాఫ్ చూపిస్తాను. అమ్మానాన్నలకు ఇది చదివి వినిపించు.

నీ అక్క