ఎక్సైజ్ మంత్రి గారికి: చౌక స్ట్రాంగ్ బీరు గురించి తిరుపతి నుంచి ఒక ఉత్తరం

అయ్యా, నమస్కారం.

నేను చిత్తూరులో పుట్టి తిరుపతిలో స్థిరపడినవాణ్ణి. రిటైరై మూడేళ్లయింది. ఆదివారం మధ్యాహ్నం ఒక బీరు తాగుతాను, దాచేదేమీ లేదు. మద్యం మాన్పించమని మీకు రాసేవాళ్లు చాలామంది ఉంటారు, నేను అందుకు రాయడం లేదు. 1995లో నిషేధం పెట్టడం, 1997లో ఎత్తేయడం మా తరం చూసింది. మా చిత్తూరోళ్లకైతే అది సరిగా తెలియను కూడా లేదు. ఇటు తమిళనాడులో వేలూరు, అటు కర్ణాటకలో ముళబాగిలు, బస్సెక్కితే చాలు.

నా ఫిర్యాదు బీరు మీద. ఇంకా చెప్పాలంటే, షాపులో అన్నిటికంటే ముందు అమ్ముడయ్యే చౌక స్ట్రాంగ్ బీరు మీద.

పోయిన ఎండాకాలం మేం ముగ్గురం ఒక పని చేశాం. నాలుగు రకాల స్ట్రాంగ్ బీర్లు తెచ్చి, పేర్లు కనబడకుండా పేపర్ చుట్టి, స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అన్నీ ఒకటే. చల్లగా, కాస్త చేదుగా, నురగతో. ఏది ఏదో ముగ్గురిలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. ఇరవై నిమిషాలాగి మళ్లీ నోట్లో పోసుకుంటే అసలు రంగు బయటపడింది. ఒకటి తియ్యగా పానకంలా ఉంది. ఇంకోటి నోట్లో పెట్టకముందే స్పిరిట్ వాసన కొట్టింది. మూడోది తడిసిన అట్టపెట్టె నమిలినట్టు ఉంది. నాలుగోది మాత్రం ఫరవాలేదు, చివరిదాకా తాగాం. మాలో ఒకాయన ఆటో నడుపుతాడు. “చల్లగా ఉన్నంతసేపే ఇది బీరు సామీ, ఆ తర్వాత మందే” అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

దీనికి కారణం తయారీలో ఉంది. బీరంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. ఆ మాల్ట్‌తోనే 8 శాతం ఆల్కహాల్ తేవాలంటే ఖర్చెక్కువ, బీరూ చిక్కబడుతుంది. అందుకని బియ్యం అటుకులో, మొక్కజొన్నో, చక్కెరో కలుపుతారు. పులియబెట్టే ఈస్ట్ ఆ చక్కెరనంతా ఆల్కహాల్ చేసేస్తుంది, రుచి మాత్రం మిగల్చదు. అమెరికాలో మాల్ట్ లిక్కర్ అనే చౌక రకం కూడా ఇదే కుటుంబం. అక్కడ దాన్ని 40 ఔన్సుల సీసాలో, అంటే లీటరు దాటిన సీసాలో అమ్ముతారు. 1991లో పవర్‌మాస్టర్ అనే పేరుతో ఒక కొత్త మాల్ట్ లిక్కర్ రాబోతే, ‘పవర్’ అన్న మాట మత్తునే ప్రచారం చేస్తోందని అక్కడి ప్రభుత్వం అడ్డుకుంది. మన దగ్గర సీసా మీద ‘స్ట్రాంగ్’ అన్న అక్షరాలే అన్నిటికంటే పెద్దవి.

పెద్దవి సరే, ఎంత స్ట్రాంగో మాత్రం చెప్పరు. కేంద్ర ఆహార ప్రమాణాల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం దాకా ఏదైనా స్ట్రాంగే. లేబుల్ మీద ‘8 శాతానికి మించదు’ అని ఉంటుంది. మించకపోతే ఎంత? ఐదున్నరా, ఏడున్నరా? పాలప్యాకెట్ మీద వెన్న శాతం ఇంత అని రాస్తారు. బీరుకెందుకు వద్దు?

ఇక ధర. ఇది మాత్రం కచ్చితంగా మీ చేతిలో ఉన్నదే. 2024 అక్టోబరులో కొత్త పాలసీతో 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు. లెక్క వేయండి. 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం, అంటే సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో నిండా 8 శాతం వేసుకున్నా 52. లైట్ బీరులో, అంటే 5 శాతం లోపుదాంట్లో, 32 దాకా. మా వీధి చివర షాపులో బీరు రెండొందలు దాటింది, లైటుకూ స్ట్రాంగుకూ తేడా పదో పరకో. కూలికెళ్లి వచ్చినవాడు రూపాయికి ఎంత కిక్కు అని చూసుకుంటే లైటు వైపు చూడనే చూడడు. స్ట్రాంగ్ తీసుకుంటాడు, లేదంటే నేరుగా క్వార్టరే. వాడి తప్పని నేననను, లెక్క సరిగ్గానే వేసుకున్నాడు. ఆ లెక్క వచ్చేలా పన్ను వేసింది మనం.

బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి మద్యం మీద పన్ను అందులో ఉన్న ఆల్కహాల్‌ను బట్టి వేస్తున్నారు. అంత పెద్ద మార్పు నేనడగడం లేదు. బీరు వరకైనా చేయండి. 5 శాతం లోపుదానికి ధర బాగా తగ్గించండి, యాభై రూపాయల తేడా చేతికి కనబడాలి. ఖజానాకు పడే ఆ లోటును కావాలంటే స్ట్రాంగు మీద వేసుకోండి, మేం కట్టుకుంటాం, గొణుక్కుంటూనే.

ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక సీసా మీది కోడ్ స్కాన్ చేసి అసలుదో కాదో చూసుకోమన్నారు. మంచి పని. అసలుదని తేలాక లోపల ఏముందో కూడా చెప్పించండి. ఆల్కహాల్ శాతం కచ్చితమైన అంకెగా, బియ్యం కలిపారా చక్కెర కలిపారా, ఏ రోజు సీసాలో పట్టారు, ఇవన్నీ తెలుగులో, కళ్లజోడు పెట్టుకుంటే కనిపించేంత సైజులో. ఇప్పుడున్న తేదీని చదవాలంటే సీసాను ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూడాలి. ఒకసారి షాపులో అలా చూస్తుంటే కౌంటర్ కుర్రాడు “ఏం సార్, పెళ్లిచూపులా?” అన్నాడు.

తేదీ గురించి ఎందుకింత పట్టుదల అంటే, ఆ అట్టపెట్టె రుచి ఊరికే రాలేదు. బీరుకు వేడీ, వెలుతురూ పడవు. గోధుమరంగు సీసా వెలుతురును కొంత ఆపుతుంది, వేడిని ఆపలేదు. మే నెలలో మా ఊరి ఎండ మీకు తెలియనిది కాదు. రేకుల షెడ్డు కింద వారాల తరబడి పెట్టెలు ఉడుకుతుంటాయి. అవే సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టి ‘కూలింగ్ ఉంది సార్’ అని ఇస్తారు.

కొండకు మీరు ఎటూ వస్తుంటారు. దర్శనం చేసుకుని రేణిగుంట విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు, మధ్యాహ్నం ఒంటిగంట వేళ, దారిలో ఏదో ఒక షాపు వెనక కారు ఆపించండి. తాగమని కాదు. ఎండలో ఉన్న ఆ బీరు పెట్టె మీద ఒక్క నిమిషం అరచెయ్యి ఆనించి చూడండి.

ఇట్లు
తిరుపతి నుంచి ఒక ఆదివారం బీరువాడు