పోకర్‌లో కూర్చునే ముందు

చిట్టితల్లీ,

డాలస్‌లో మీ రూమ్మేట్లు శనివారాలు పోకర్ ఆడుతున్నారనీ, నిన్నూ రమ్మంటున్నారనీ అమ్మ చెప్పింది. నీకు వద్దని చెప్పమని కూడా అంది. నేను వద్దనను. పందెం ఎలా నడుస్తుందో తెలియకుండా మాత్రం కూర్చోకు.

వాళ్ళు ఆడేది టెక్సస్ హోల్డెమ్ అయ్యుంటుంది. నువ్వున్న రాష్ట్రం ఆటే. కార్పస్ క్రిస్టీ దగ్గరున్న రాబ్స్‌టౌన్ దాని పుట్టిల్లని 2007లో అక్కడి శాసనసభ తీర్మానం కూడా చేసింది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా మధ్యలో ఐదు తెరుస్తారు: ముందు మూడు, అది ఫ్లాప్, తర్వాత టర్న్ ఒకటి, రివర్ ఒకటి. మొత్తం ఏడింటిలోంచి మంచి ఐదు ముక్కలే నీ చెయ్యి.

డీలర్‌కి ఎడమపక్క ఇద్దరు ముక్కలు చూడకముందే పందెం కట్టాలి. వాటిని చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అంటారు. రెండు ముక్కలు పంచాక ఒకసారి, ఫ్లాప్, టర్న్, రివర్ తెరిచాక ఒక్కోసారి, మొత్తం నాలుగుసార్లు పందేలు. ముందు ఎవరూ పందెం పెట్టకపోతే చెక్ అనొచ్చు. పెడితే అంతే కట్టి కాల్ చెయ్యి, లేదా పెంచి రైజ్ చెయ్యి, లేదా ముక్కలు పడేసి ఫోల్డ్ అయిపో. చిప్స్, అంటే డబ్బుకి బదులు వాడే బిళ్ళలు, ఒకేసారి ముందుకు పెట్టు. కొంచెం పెట్టి, ఎదుటివాళ్ళ మొహాలు చూసి మళ్ళీ కొంచెం పెట్టడం ఒప్పుకోరు.

మన పెళ్ళిళ్ళలో మూడు ముక్కలాట చూసినదానివి కాబట్టి ఒకటి బాగా గుర్తుపెట్టుకో. అక్కడ కలర్ (అన్నీ ఒకే గుర్తు) కంటే వరస (వరుస అంకెలు) పెద్దది. పోకర్‌లో తిరగబడుతుంది, ఐదూ ఒకే గుర్తువైతే అది వరసను కొడుతుంది. కారణం లెక్కలోనే ఉంది. మూడు ముక్కల్లో వరసలు 720 రకాలుగా వస్తే, కలర్లు 1,096 రకాలుగా వస్తాయి. ఐదు ముక్కలకి వచ్చేసరికి వరసలు 10,200, కలర్లు 5,108. అరుదుగా వచ్చేదే పెద్దది.

ఇక అసలు సంగతి. నీకు ఆఠీన్ ఆసు, ఆఠీన్ ఎనిమిది వచ్చాయనుకో. ఫ్లాప్‌లో ఇంకో రెండు ఆఠీన్లు పడ్డాయి. ఇంకొక్కటి పడితే నీకు కలర్. నీకు కనపడని ముక్కలు 47, వాటిలో ఆఠీన్లు 9. తర్వాతి ముక్క ఆఠీన్ కావడానికి అయిదింట ఒక వంతు కంటే కాస్త తక్కువ అవకాశం. మధ్యలో 60 చిప్స్ ఉంటే ఎదుటివాడు 10 పెట్టాడు. నువ్వు 10 కట్టి 70 కోసం ఆడుతున్నావు, ఎనిమిదిసార్లలో ఒక్కసారి గెలిచినా చాలు. కాల్ చెయ్యి. అదే వాడు 60 పెడితే, 60 కట్టి 120 కోసం ఆడాలి, మూడుసార్లలో ఒకసారి గెలవాలి. ఆ ఒక్క ముక్క కోసం అది చాలా ఎక్కువ ధర. ఆసు చేతిలో ఉందని మనసు లాగుతుంది, అయినా పడెయ్. రమ్మీలో మొదటే డ్రాప్ అయ్యేవాళ్ళని చూసి చిన్నప్పుడు నవ్వేదానివి కదా, చివరికి తక్కువ పాయింట్లతో లేచేది వాళ్ళే.

వీలైనంతవరకు ఆఖర్న నీ వంతు వచ్చే సీట్లో ఉన్నప్పుడే ఎక్కువ చేతులు ఆడు. మిగతావాళ్ళు ఏం చేశారో చూశాక నిర్ణయించుకోవచ్చు.

డబ్బు విషయం. ముందుగా ఒక మొత్తం అనుకో, అది అయిపోతే లేచిపో, ఇంకొకరి దగ్గర అప్పు తీసుకోకు. స్నేహితులు ఇంట్లో ఆడుకుంటూ, ఆటలో గెలిచిన డబ్బు తప్ప ఎవరూ ఇంకే లాభం తీసుకోకపోతే, అందరికీ అవకాశం సమానంగా ఉంటే, టెక్సస్ చట్టం మినహాయింపు ఇస్తుంది. ఇల్లుగలవాళ్ళు ప్రతి పాట్‌లోంచి, అంటే మధ్యలో పోగైన పందెంలోంచి, కోత తీసుకుంటున్నారంటే ఆ ఇంట్లో ఆడకు. ఫోన్‌లో డబ్బు పెట్టి అసలే ఆడకు. ఇక్కడ ఆన్‌లైన్ రమ్మీ అప్పుల్లో మునిగిన కుటుంబాలు ఎన్నో. తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది.

శనివారం లోపు ఈ లెక్క చేసి నాకు వాట్సాప్‌లో పెట్టు. నీ చేతిలో తొమ్మిది, పది. మధ్యలో జాకీ, రాణి, మూడు, రెండు. మధ్యలోవి అన్నీ వేర్వేరు గుర్తులవి. రివర్ ఒక్కటే మిగిలింది. పాట్‌లో 80 ఉంటే ఎదుటివాడు 40 పెట్టాడు. కాల్ చేస్తావా, ఫోల్డ్ చేస్తావా? ఎందుకో కూడా రాయి.

మీ నాన్న