మన విత్తనాల సంఘం వార్షిక నివేదిక: నాగు, పుచ్చులు, ఒక చేదు సొరకాయ

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది నివేదిక ఒక పేజీతో సరిపెట్టానని కొందరు దెప్పారు. ఈసారి పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే మేం చేసిన తప్పు ఒకటి మీ ముందు పెట్టాలి. లెక్కలు గబగబా చెప్పేసి దాని దగ్గరికి వస్తాను.

ఇంటి పంట గింజలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఈ ఏడాది నాలుగుసార్లు కలిశాం. రోహిణి కార్తెలో ఒకసారి, వానలు పట్టాక ఒకసారి, దసరా వెళ్లాక, మళ్లీ సంక్రాంతి తర్వాత. ఎప్పటిలాగే మేడ మీద షామియానా కింద, దుప్పటి పరిచి మధ్యలో సీసాలు పెట్టుకుని. సభ్యత్వం వంద రూపాయలే ఉంచాం. కాగితం కవర్లు, తేమ పీల్చే సిలికా జెల్, టీ, మిక్చర్ ఖర్చులు పోను 1,140 రూపాయలు మిగిలాయి, కోశాధికారి దగ్గర పుస్తకం ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. సీసాల కోసం ఎవరినీ డబ్బులు అడగలేదు, పచ్చడి సీసాలు కడిగి ఆరబెట్టి తెచ్చారు. ఒకదానికి ఇంకా ఆవకాయ వాసన పోలేదు, అందులో గోంగూర గింజలు పోశాం, వాటికి పట్టింపు లేదు.

ఇక సొరకాయ సంగతి.

రోహిణి కార్తె నాడు మనం ఇచ్చిన పొడుగు సొర గింజలు మూడు ఇళ్లలో చేదు కాయలు కాశాయి. ఒకావిడ కూర తాలింపులో వేసేముందు ముక్క కొరికి చూసే అలవాటున్న మనిషి కాబట్టి వెంటనే ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి నాకు ఫోన్ చేశారు. మిగతా ఇద్దరికీ ఆ సాయంత్రమే చెప్పాం. ఎవరికీ ఏమీ కాలేదు, అది మన అదృష్టం తప్ప మన జాగ్రత్త కాదు. చేదు సొరకాయ అంటే ఉప్పు, పులుపు వేసి సర్దుకునే చేదు కాదు. అందులో ఉండేది కుకుర్బిటాసిన్ అనే విషం, ఉడికించినా పోదు. చేదు సొర రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి సొర, దోస, బీర ఏది కోసినా చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూడండి, చేదు తగిలితే మొత్తం పారేయండి, పైసకు కక్కుర్తి పడకండి.

ఎలా జరిగిందో తీరిగ్గా ఆరా తీస్తే తేలింది. గింజలిచ్చిన పెద్దాయన తోటలో కాయ తియ్యగానే ఉంది, ఆయన తిన్నారు, మేమూ తిన్నాం. కానీ ఆ వీధిలోనే ఇంకో మేడ మీద బుర్రల కోసం పెంచే గుండ్రటి చేదు సొర పాదు ఉంది. సొరపువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, చీకటి పడే వేళ రెక్కల పురుగులు వచ్చి ఈ పువ్వు మీదా ఆ పువ్వు మీదా వాలతాయి. పక్క పాదు పుప్పొడి ఈ పువ్వులో పడినా ఆ కాయ రుచి మారదు, అది తల్లి తీగ కాయే. మారేది లోపలి గింజ. దాని చేదు మరుసటి ఏడు ఇంకొకరి పందిరి మీద బయటపడుతుంది. అందుకే "మా కాయ తియ్యగా ఉందండి" అన్న మాట ఒక్కటే నమ్మి గింజలు తీసుకోవడం మేం చేసిన పొరపాటు. చుట్టుపక్కల ఇంకేం పాదులున్నాయని ఒక్కరం అడగలేదు. ఆ మూడు ఇళ్లవారికి సంఘం తరఫున క్షమాపణ. పెద్దాయన తప్పేమీ లేదు, ఆయనను ఎవరూ ఏమీ అనకండి, ఇప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేసి బాధపడ్డారు.

ఇకమీదట సొర గింజ మన దుప్పటి మీదికి రావాలంటే చేత్తో పరాగం అద్దిన కాయ నుంచే రావాలి. అదేమంత కష్టం కాదు. మధ్యాహ్నం నాలుగింటికి మేడెక్కితే ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు తెలిసిపోతాయి. ఆడమొగ్గ కింద వేలెడంత పిందె ఉంటుంది, మగమొగ్గ కాడ ఉత్తదే. రెండింటి మొనలూ దారంతో వదులుగా కట్టేయాలి. దీపాలు పెట్టే వేళకి మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు లోపల మెల్లగా రాసి మళ్లీ కట్టేయాలి. కాడకి ఒక ఎర్రదారం గుర్తు కట్టండి, లేకపోతే ఇంట్లోవాళ్లు పప్పులో వేసేస్తారు (మా ఇంట్లో వేసేశారు). ఆ కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడేదాకా ఉంచాలి.

టమాటా, చిక్కుడు, అనుములకి ఇంత తతంగం అక్కర్లేదు, వాటి పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. వంగ, బెండ మాత్రం తేనెటీగలకు లొంగుతాయి, పల్చటి గుడ్డసంచి తొడిగితే మంచిది.

చిక్కుడు అన్నాను కదా, ఆగస్టులో నాకొచ్చిన ఫోన్లలో సగం దాని గురించే. "తీగ పందిరి దాటి వాటర్ ట్యాంకు ఎక్కేసింది, ఒక్క పువ్వు లేదు, మీరిచ్చిన గింజ మంచిది కాదు" అని. గింజ మంచిదేనండి! పాతకాలపు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేగాని పూత పట్టదు. జూన్‌లో పెట్టండి, జులైలో పెట్టండి, పూసేది మాత్రం దసరా అటూఇటూ. ఏ కాలంలోనైనా కాసే పొట్టి రకాలు వేరే ఉన్నాయి, మీకు అలవాటైనవి అవే కాబట్టి టెన్షన్ పడ్డారు. తీగ పీకేసిన ఇద్దరికి మళ్లీ గింజలిస్తాం. పీకనివాళ్లకి సంక్రాంతికి బుట్టలు నిండాయి, రథసప్తమికి రథం కట్టడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు మేడ మీదే దొరికాయి.

అయితే ఆ చిక్కుడు గింజల్లోనే మార్చికల్లా పుచ్చులు పడ్డాయి. సీసా మూత తీస్తే అడుగున పిండి, గింజకో చిల్లు. మూత గట్టిగా పెట్టాం కదా ఎలా వచ్చాయని అడుగుతున్నారు. పురుగు బయటి నుంచి రాలేదు, కాయ తీగ మీద ఉన్నప్పుడే గుడ్డు పెట్టేసింది, గింజతోపాటు మనమే లోపల పెట్టి మూత బిగించాం. బాగా ఎండిన గింజల్ని గాలి చొరని డబ్బాలో వారం రోజులు ఫ్రీజర్‌లో పెట్టి, తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచితే ఆ బెడద ఉండదు. తడి ఉన్న గింజని పెడితే గింజే చస్తుంది. ఫ్రీజర్‌లో చోటివ్వరు అనుకునేవాళ్లకి బూడిద, ఎండిన వేపాకు ఉండనే ఉన్నాయి.

జనవరిలో ఎనిమిది మందిమి వ్యాను మాట్లాడుకుని జహీరాబాద్ వైపు పాత పంటల జాతర చూసొచ్చాం. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) మహిళా సంఘాలు ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి నెల రోజులు ఊరూరా ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది వాళ్లకే. జొన్న, సజ్జ, కొర్ర, సామ, అనుములు, కుసుమ, బుట్టల నిండా. మేం పచ్చడి సీసాలో పెట్టుకునేది వాళ్లు వెదురుబుట్టలో బూడిద, వేపాకు కలిపి, పైన పేడ మెత్తి పెడతారు. అక్కడ ఒక పెద్దమ్మ మా సంగతి విని, "మరి తీసుకున్నోళ్లు ఎంత తిరిగిస్తరు?" అని అడిగింది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారమ్మా అన్నాను. ఆమె నవ్వి పక్కావిడకి చెప్పింది, ఆవిడా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో మాట్లాడుకున్నది అదే. మన ఊళ్లల్లో నాగు అని ఉండేది, గింజలు అప్పు తెస్తే పంట వచ్చాక కొలతకి పైన ఇంత కలిపి కొలిచేవాళ్లు. మన పుస్తకం చూస్తే నిరుడు గింజలు పట్టుకెళ్లిన ప్రతి పదిమందిలో ముగ్గురే తిరిగి తెచ్చారు. మిగతావాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కాయ లేతగా ఉండగానే కోసుకు తినేశారు, అంతే. సంక్రాంతి తర్వాతి సమావేశంలో చేతులెత్తి ఒప్పుకున్న పద్ధతి ఇది: చెంచా తీసుకుంటే రెండు చెంచాలు. పంట పోతే పోయిందని ఒక ముక్క చెబితే చాలు, పాదుకి ఒక్క కాయ విత్తనానికి వదలడం మాత్రం తప్పనిసరి. కవరు మీద రకం పేరు, ఎవరి తోట, ఏ నెల గింజ, చుట్టుపక్కల అదే జాతి ఇంకేముంది అనే నాలుగూ రాయాలి. "మంచి వంకాయ" అని రాసిన కవర్లు ఇక తీసుకోం, వంకాయలన్నీ మంచివే. షాపులో కొన్న ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించిన మొదటి తరం) కాయ గింజలు కూడా తేవద్దు, మరుసటి తరం ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది.

రెండు ప్రశ్నలు పదే పదే వచ్చాయి. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం చట్టరీత్యా తప్పా అని ఒకటి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం విత్తనం దాచుకోవడం, మళ్లీ విత్తడం, పంచుకోవడం, మార్చుకోవడం రైతుకున్న హక్కులే. అమ్మొచ్చు కూడా, కాకపోతే బ్రాండ్ వేసి ప్యాకెట్లలో కాదు. మనం అసలు అమ్మం, ఆ గొడవే లేదు. రెండోది అమెరికాలో ఉన్న పిల్లలకి గోంగూర గింజలు పంపడం. పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో, అక్కడి వ్యవసాయ శాఖ పర్మిటో ఉండాలి. చీర మడతల్లో పెట్టి పంపుతామనే పిన్నిగార్లకి సంఘం గింజలివ్వదు.

వచ్చే సమావేశం రోహిణి కార్తెలో మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ముదరక ముందే. మీ దగ్గరున్న పాత గింజలు పది తడిగుడ్డలో చుట్టి వారం ముందే చూసుకోండి, ఆరుకంటే తక్కువ మొలిస్తే ఆ సంగతి కవరు మీద రాయండి. ఉల్లి గింజలు నిరుటివైతే తేనే వద్దు.

చివరగా నేతిబీర. డబ్బాలో పదకొండు గింజలే మిగిలాయి. నిరుడు పట్టుకెళ్లిన ఐదుగురిలో ఒక్కరూ తిరిగివ్వలేదు, ఒకరైతే పీచు ఎండబెట్టి ఒళ్లు రుద్దుకుంటున్నామని సంతోషంగా చెప్పారు. ఆ పీచు దులిపితే గింజలు రాలతాయండి, దయచేసి బాత్రూమ్‌లో ఒకసారి చూడండి.

మీ కార్యదర్శి