అరుపులన్నీ ఆఖరికి

వడపళని, చెన్నై

చిట్టితల్లీ,

నీ వెబ్ సిరీస్ స్క్రిప్టు రెండు ఎపిసోడ్లూ చదివాను. మీ నాన్న మొదటిది చదివి, రెండోది పగటిపూట చూస్తానని పక్కన పెట్టేశారు. అది మెప్పే అనుకో. నాకు మాత్రం భయం వెయ్యలేదు. డబ్బింగ్ ఆర్టిస్టుకి దెయ్యం సినిమా అంటే గొంతునొప్పి, అంతే. అయినా నీ హీరోయిన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి.

మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల అరుస్తూనే ఉంది. తలుపు కొట్టుకుంటే కేక, అద్దంలో నీడ కనిపిస్తే కేక. మా డబ్బింగ్ థియేటర్లో అరుపులన్నీ ఆఖరికి పెట్టుకుంటాం. ముందే అరిస్తే గొంతు పోయి మిగతా డైలాగులకి పనికిరాదు. మైకుకి కాస్త వెనక్కి జరిగి, మొహం పక్కకి తిప్పి, ఇంజనీరు లెవెల్ తగ్గించాక వరసపెట్టి అరిచేసి, వేణ్ణీళ్ళు తాగి ఇంటికొచ్చేస్తాం. కష్టమంతా దానికి ముందొచ్చే రియాక్షన్లలో ఉంటుంది. ఊపిరి సగంలో ఆగిపోవడం, 'ఏవండీ' అని పిలవబోయి మానెయ్యడం, ఏం లేదులే అని తనకి తనే సర్దిచెప్పుకునేటప్పుడు గొంతులో పలికే ఆ చిన్న జీర. వీటికే టేకుల మీద టేకులు అవుతాయి. నీ స్క్రిప్టులో ఇవి ఒక్కటీ లేవు.

సీను ముక్కల్ని లూపులుగా చేసి తెర మీద మళ్ళీ మళ్ళీ తిప్పే రోజుల్లో హీరో, హీరోయిన్, అత్తగారు అందరం ఒకే మైకు ముందు నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఎవరి ట్రాకు వాళ్ళదే. చీకటి గదిలో హెడ్‌ఫోన్ తగిలించుకుని 'పైన ఎవరో నడుస్తున్నారండీ' అంటాను. జవాబు చెప్పాల్సిన ఆయన కాల్‌షీటు గురువారం! దెయ్యం కథల్లో ఆడదాని పరిస్థితి సరిగ్గా ఇదే. ఆమెకి వినిపిస్తుంది, ఇంట్లో ఇంకెవరికీ వినిపించదు. నీకు నిద్ర చాలట్లేదంటారు, పుట్టింటికెళ్ళి నాలుగు రోజులుండి రమ్మంటారు, తర్వాత డాక్టరు, ఆ తర్వాత స్వామీజీ. తనకి పిచ్చి లేదని నిరూపించుకునేసరికే సగం సినిమా అయిపోతుంది. నీ కథలో మొగుడు మొదటి రాత్రే నమ్మేశాడు. మంచివాడే పాపం, కానీ అక్కడితో టెన్షన్ పోయింది.

ఇక కోపం సంగతి. 2005లో 'చంద్రముఖి' వచ్చినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక వింత గౌరవం దక్కింది. తమిళ సినిమాలో దెయ్యం తెలుగు మాట్లాడింది! విజయనగరం నుంచి రాజు బలవంతాన తెచ్చుకున్న నర్తకి ఆవిడ, పాడే పాటా తెలుగే. మౌంట్ రోడ్డు శాంతి థియేటర్లో ఆ సినిమా రెండేళ్ళకి పైగా ఆడింది. అన్నాళ్ళూ కింది వాటా మామి నన్ను చూస్తే చాలు, 'రా రా' అని పాడి నవ్వేది.

దానికి మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా 'మణిచిత్రత్తాళు'. అందులో దెయ్యం నాగవల్లిది తంజావూరు, ఆమె మాట్లాడేది తమిళం. కన్నడ 'ఆప్తమిత్ర'లో సౌందర్య చేసింది, అక్కడ మళ్ళీ తెలుగు నర్తకే. (పాపం, ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆ పిల్ల లేదు.) 2007లో హిందీలో విద్యాబాలన్ చేస్తే, దెయ్యం బెంగాలీ అయింది. చూశావా? ఎవరు తీసినా, కోపం వచ్చిన ఆడది వేరే రాష్ట్రం భాషే మాట్లాడుతుంది. మన కోడలు బంగారం, ఆ కోపం బయటినుంచి వచ్చిందే అనుకోవడానికి వీలుగా ఉంటుంది కదా.

'చంద్రముఖి'లో ఆ నర్తకి పూనేది గంగ అనే ఇల్లాలికి. ఆమె బయటికి వెళ్తానంటుంది, భర్త వద్దంటాడు. అంత చిన్న మాటకి మంచం ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. నేనెందుకు వెళ్ళకూడదని మొగుణ్ణి అడగడానికి ఎప్పుడో చచ్చిపోయిన ఇంకో ఆడది తోడు రావాల్సి వచ్చింది. మా అమ్మమ్మగారి ఊళ్ళో పోలేరమ్మ జాతరలో కోడలికి పూనకం వస్తే, అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని 'ఏం కావాలి తల్లీ' అని అడిగేది. మర్నాడు అదే కోడలు కాఫీ ఆలస్యం చేస్తే తిట్లే తిట్లు.

అందుకే నాకు 'అరుంధతి' ఇష్టం. అందులో పిశాచం మగవాడు. భయపడేదీ ఆవిడే, తిరగబడేదీ ఆవిడే, తెలుగులోనే. కాకపోతే అక్కడా ఒకసారి చచ్చి మళ్ళీ పుట్టాల్సి వచ్చిందనుకో. 'మసూద'లో సంగీత కూడా బాగా చేసింది. కూతుర్ని చూస్తే భయం, కూతురికేమవుతుందోనని భయం, రెండూ ఒక్క మొహంలోనే కనిపిస్తాయి.

రెండో ఎపిసోడ్లో నీ హీరోయిన్ పూనకంలో అత్తగారితో 'ఈ ఇంట్లో నాకూ భాగముంది' అంటుంది. ఆ ఒక్క డైలాగూ మొదటి ఎపిసోడ్‌కి జరుపు. దెయ్యం రాకముందే, అన్నం వడ్డిస్తూ, మామూలు గొంతుతో అననీ. ఎవరూ తలెత్తి చూడకూడదు. తర్వాత దెయ్యం గొంతుతో అదే మాట వస్తే, అది ఎవరి కోపమో చూసేవాళ్ళకి అంత తేలిగ్గా తేలదు.

చివరిగా నా సొంత గొడవ. 1973 నాటి 'ఎక్సార్సిస్ట్'లో చిన్నపిల్ల నోట పలికే ఆ భయంకరమైన గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్‌ది. అప్పటికే ఆస్కార్ తీసుకున్న నటి. అయినా మొదటి ప్రింట్లలో ఆమె పేరు లేదు, గొడవపడి వేయించుకుంది. 'మణిచిత్రత్తాళు'కి శోభనకి జాతీయ అవార్డొచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ ఆ నాగవల్లి తమిళ గొంతు దుర్గ అనే డబ్బింగ్ ఆర్టిస్టుదని లోకానికి తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, ఫాజిల్ చెబితే. అప్పటిదాకా అందరూ అదీ, అదే సినిమాలో శోభనకి మలయాళం డబ్బింగ్ చెప్పిన భాగ్యలక్ష్మి గొంతే అనుకున్నారు. కాబట్టి మీ ప్రొడ్యూసర్‌తో ఇప్పుడే మాట్లాడు. దెయ్యానికి ఎవరు గొంతిస్తే వాళ్ళ పేరు టైటిల్స్‌లో పడాలని అగ్రిమెంట్‌లోనే రాయించు. నన్నే పిలుస్తావో లేదో నీ ఇష్టం. పిలిస్తే మాత్రం అరుపులకి వేరే కాల్‌షీటు.

మీ నాన్న రెండో ఎపిసోడ్ ఆదివారం చదువుతారట, మధ్యాహ్నం.

ఆశీస్సులతో,
అమ్మ